టిక్కు పెట్టనా, తీసెయ్యనా?

ఫ్రిస్కో, టెక్సస్

ఒరేయ్ మూర్తీ,

తెల్ల టొయోటా కొనుక్కుని బుద్ధిగా ఉండమన్న నీ సలహా అందింది. చదివాను, మడిచాను, భద్రంగా దాచాను. ఈలోగా డీలరు దగ్గర నా వంతు వచ్చేసింది. పోర్షే 911 కరేరా ఎస్ ఖాయం. ఇక మిగిలింది ఆప్షన్ల జాబితా. అది స్టుట్‌గార్ట్‌లోని జుఫెన్‌హౌసెన్ ఫ్యాక్టరీకి వెళ్లాలి. ఒక తేదీ దాటాక దాంట్లో ముక్క మార్చనివ్వరు. ఆ తేదీలోగా దేనికి టిక్కు పెట్టాలి, దేనికి తీసెయ్యాలి అన్నదే ప్రస్తుతం నా సంసారం. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుంటే మా ఆవిడ లైటార్పేసి వెళ్లిపోతోంది.

"లక్షన్నర డాలర్ల కారు కొనేవాడికి చిల్లర బెంగేమిట్రా?" అంటావు. అంటావా లేదా? కానీ ఆ చిల్లర సంగతి విను. 2025 జనవరిలో ఈ కారు ప్రకటించినప్పుడు ధర 1,46,400 డాలర్లు. ఆ తర్వాత పైకే గానీ కిందికి రాలేదు. దాన్ని నువ్వు ఇప్పటికే రూపాయల్లోకి మార్చేసి గుండె పట్టుకుని ఉంటావు, కాస్త నీళ్లు తాగు. అసలు గుండె పట్టుకోవాల్సింది ఆ తర్వాత. మీ చెల్లెలి పెళ్లికి కేటరింగాయన గుర్తున్నాడా? "ప్లేటుకి నలభయ్యే కదండీ" అంటూ పూర్ణాలు, కాజాలు, ఐస్‌క్రీమ్ ఒక్కొక్కటే ఎక్కించి, చివర్లో మీ నాన్నగారు కుర్చీలో కూలబడేలా చేశాడే, సరిగ్గా అదే పద్ధతి. ఏసీ గాలి వచ్చే రెక్కలకు తోలు చుట్టిస్తారు. తాళంచెవికి కారు రంగే వేసి తోలు సంచీలో పెట్టిస్తారు. సీటుబెల్టుకు రంగు మారుస్తారు. తలగడ మీద గుర్రం ముద్ర కొడతారు. ఒక్కొక్కటీ వందల్లో ఉంటుంది, కొన్ని వేలల్లో. విడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. మొదటిసారి అన్నీ మనసారా నొక్కి కిందికి వచ్చి చూస్తే, మొత్తం మీద నలభై వేలు పెరిగింది. దాని మీద టెక్సస్ పన్ను 6.25 శాతం, అంటే ఇంకో రెండున్నర వేలు. తోలు చుట్టిన ఏసీ రెక్కకు కూడా ప్రభుత్వానికి పన్ను కట్టాలిరా.

ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. వెనక కారు పేరు లేకుండా చేయమంటే పైసా తీసుకోరు. ఇంత పోసి కొన్నది ఏ కారో ఎవరికీ తెలియకుండా ఉండటం ఒక్కటే ఈ జాబితాలో దానధర్మం.

ఇక అసలు గొడవకు వస్తాను. సిరామిక్ బ్రేకులు. తొమ్మిది వేల డాలర్లకు పైనే. "పెట్టించు, బ్రేకుల దగ్గర పిసినారితనమా, పిల్లలు గలవాడివి" అని నువ్వు అనబోతున్నావు. ఆగు. ఆ మాట ఇప్పటికే మా వీధిలో ముగ్గురన్నారు, వాళ్లందరికీ చెప్పిందే నీకూ చెబుతాను.

ఆ డిస్కుల తయారీ గొప్పదే, కాదనను. కార్బన్ పీచులోకి కరిగిన సిలికాన్ ఎక్కించి తయారుచేస్తారు. ఈ శతాబ్దం మొదట్లో 911 జీటీ2 మీద వచ్చాయి. ఇనప డిస్కులో సగం బరువే ఉంటాయి. చక్రం దగ్గర బరువు తగ్గితే బండి గతుకుల మీద తేలిగ్గా నడుస్తుంది, నిజమే. తుప్పు పట్టవు. చక్రాలకు నల్లటి బ్రేకు పొడి అంటదు, ఆదివారం బకెట్టు పట్టుకుని చక్రాలు తోమే నాబోటివాడికి అదీ ఆశే. కానీ బండిని ఆపేది ఎవరు? చివరికి టైరు. మామూలుగా వచ్చే ఇనప డిస్కులే ముందు 408 మిల్లీమీటర్లు, ఆరు పిస్టన్ల కాలిపర్లతో. గట్టిగా తొక్కితే అవే టైరును దాని పట్టు అంచుదాకా తీసుకెళ్లి ఏబీఎస్‌ను లేపుతాయి. అక్కడి నుంచి టైరుకూ రోడ్డుకూ మధ్య వ్యవహారం. టోల్‌వే మీద ఎవడో ఇండికేటర్ వెయ్యకుండా అడ్డం వచ్చినప్పుడు ఒక్కసారి తొక్కే తొక్కుకు సిరామిక్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అది గెలిచేది వేడి దగ్గర, మళ్లీ మళ్లీ, ఊపిరి తీసుకోనివ్వకుండా తొక్కినప్పుడు.

"అయితే ట్రాక్ మీదికి వెళ్లేవాడికి కావాలిగా" అంటావు. అక్కడే ఉంది తమాషా. ఆస్టిన్‌లో 2012లో తెరిచిన ట్రాక్ తెలుసుగా, మనిద్దరం రేసు చూద్దామని ప్లాన్లేసి వెళ్లనిది. ఐదున్నర కిలోమీటర్లు, 20 మలుపులు. వెనక వైపున ఒక కిలోమీటరు తిన్నటి రోడ్డు, దాని చివర పన్నెండో మలుపు. అక్కడ ప్రతి చుట్టులోనూ బండి వేగాన్ని ఒక్కసారిగా తగ్గించాలి. అలాంటి చోట వారం వారం తిరిగేవాళ్లలో చాలామంది సిరామిక్‌ను ఊడదీసి ఇనప డిస్కులు వేసుకుంటారు. ఎందుకంటే విపరీతమైన వేడికి ఆ డిస్కులోని కార్బన్ కొద్దికొద్దిగా కాలిపోతుంది, మార్చాల్సి వస్తే ఖర్చు కొంప ముంచుతుంది. ఇనుము అరిగితే మార్చేసి మర్చిపోవచ్చు. చక్రం విప్పి బిగించేటప్పుడు రిమ్ము తగిలి డిస్కు అంచు పెచ్చు లేస్తుందేమోనన్న భయం దీనికి అదనం. వెళ్లనివాడికి అవసరం లేదు, మరీ ఎక్కువ వెళ్లేవాడికి గిట్టుబాటు కాదు. మధ్యలో ఎవరురా మిగిలింది? అప్పుడప్పుడు వెళ్లేవాడు, ఇంకా వెళ్తాననుకునేవాడు. నేను రెండో రకమని నీకు తెలుసు. డాలస్‌లో ఉంటూ స్కీలు కొన్నవాణ్ణి నేను. అవి గరాజ్‌లో నిలబడి ఉన్నాయి, నీకు తెలియనిదా?

ఇంకోటి చెప్పాలి. సిరామిక్ బ్రేకులకు కాలిపర్లు పసుపు. మామూలువి ఎరుపు. చక్రాల సందులోంచి ఆ పసుపు కనిపిస్తేనే, తెలిసినవాడు తెలిసినవాణ్ణి చూసి తలూపుతాడు. కొందరు మరీ హుందా మనుషులు, సిరామిక్‌కు డబ్బు కట్టి, ఆ పసుపు బాగాలేదని మళ్లీ డబ్బు కట్టి నల్లరంగు వేయిస్తారు. అదీ ఒక ఆప్షనే. మొత్తానికి టిక్కు తీసేశాను. తీసేశాక నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

నేనన్నట్టు, ఇనప డిస్కు అరిగితే మార్చుకోవచ్చు. జాబితా అంతా ఆ కన్నుతో చూడటం మొదలెట్టాక పని కాస్త తేలికైంది. తర్వాత ఎప్పుడైనా పెట్టించుకోగలిగిందాన్ని ఇప్పుడు మోయక్కర్లేదు. ఫ్యాక్టరీ దాటితే ఇక కుదరనిదాన్ని మాత్రం వదలకూడదు. చక్రాలు, వాటి మధ్య బిళ్లలు, తాళంచెవి సంచీ ఎప్పుడైనా దొరుకుతాయి. వెనక చక్రాలు తిరిగే ఏర్పాటు ఉంది చూశావూ, అది తర్వాత బిగించేది కాదు. మెల్లగా వెళ్లేటప్పుడు వెనక చక్రాలు ముందువాటికి ఎదురు దిక్కుకు తిరుగుతాయి, వేగం మీద అదే దిక్కుకు. మహా అయితే రెండు మూడు డిగ్రీలు. రెండు వేల డాలర్ల పైచిలుకు. ఇండియన్ షాపు పార్కింగ్‌లో ఒక్క తిప్పులో బయటపడటానికీ, వంపు రోడ్డు మీద నిలకడకూ ఒకే వస్తువు పనికొస్తుంది. టిక్కు.

పెద్ద పెట్రోలు ట్యాంకు కూడా అంతే. జాబితాలో ఎక్కడో అడుగున, కొద్ది వందల డాలర్లకు పడి ఉంటుంది. ఇరవై లీటర్లకు పైగా ఎక్కువ పడుతుంది. దాని గురించి సేల్స్‌మన్ నోరెత్తడు, ఎత్తితే వాడికేం మిగులుతుంది? హ్యూస్టన్‌లో ఉన్న మా అక్క ఇంటికి వెళ్లి, పెట్రోలు బంకు మొహం చూడకుండా తిరిగి రావాలన్నది నా చిన్న కోరిక. కళ్లుమూసుకుని టిక్కు.

ముక్కు లేపే ఏర్పాటు దగ్గర మాత్రం నువ్వు నవ్వకు. మీట నొక్కితే ముందు భాగం నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది. ఒకసారి లేపిన చోటును జీపీఎస్‌తో గుర్తు పెట్టుకుని మర్నాడు తనంతట తానే లేస్తుంది. ఇక్కడి నున్నటి రోడ్లకు ఇదెందుకు అని నేనే అనుకున్నాను. మా డ్రైవ్‌వే వాలు రోడ్డుతో కలిసే చోట పొరుగాయన స్పోర్ట్స్ కారు బర్రుమని గీసుకుంటుంటే విన్నాక నోరు మూసుకున్నాను. మీ మణికొండ స్పీడ్ బ్రేకర్లకైతే నాలుగు సెంటీమీటర్లేం సరిపోతాయి, నాలుగు అడుగులు లేపాలి. అయినా అక్కడ ఈ కారు కొనడమంటే, నలభై వేల డాలర్లు దాటిన దిగుమతి కార్ల మీద ఏళ్ల తరబడి సుంకమే నూటికి నూరు ఉండేది. ఒక్కో టిక్కూ రెండు టిక్కుల ఖరీదయ్యేది. నీ టొయోటా సలహాకు మూలం అక్కడుంది, అర్థం చేసుకోగలను.

స్పోర్ట్ క్రోనో సంగతి తొందరగా చెప్పేస్తాను. గంటకు అరవై మైళ్లు అందుకోవడానికి 3.3 సెకన్ల బదులు 3.1. సెకనులో ఆ రెండు పదో వంతుల తేడాను నా శరీరం గుర్తుపట్టదు. స్టీరింగ్ మీద ఒక బొత్తాం ఇస్తారు, నొక్కితే ఇరవై సెకన్లపాటు ఇంజనూ గేర్లూ పూనకం వచ్చి ఊగుతాయి. పనికిమాలినదే. కానీ రేపు అమ్మేటప్పుడు అది లేని కారును కొనేవాడు పెదవి విరుస్తాడు, అందుకని పెట్టించాను. అమ్మకం మాటొచ్చింది గనక అడుగుతున్నాను, తోలు చుట్టిన ఏసీ రెక్కలకు సెకండ్ హ్యాండ్‌లో ఎవడైనా ఎదురిస్తాడా? ఇవ్వడు. అద్దానికి అంటించే ధరల కాగితం మీద మాత్రం ఒక్కో వరుసా కనిపిస్తుంది. ఆ కాగితం అంటించాలన్న చట్టం 1958లో మా పక్క రాష్ట్రం ఓక్లహోమా సెనేటర్ మన్‌రోనీ తెచ్చాడు, అందుకే దానికి ఆయన పేరే. డీలర్లు దాచకుండా ఉండాలని తెచ్చిన చట్టమది. ఇప్పుడు దాన్నే కొందరు అద్దం కట్టించి గరాజ్‌లో తగిలించుకుంటున్నారు.

వెనక సీట్లు. ఈ కొత్త 911 కూపేలో అవి లేకుండానే వస్తుంది, కావాలంటే డబ్బు తీసుకోకుండా పెడతారు. నేను వద్దనుకున్నాను, బరువు తగ్గుతుందని. అప్పుడే మా ఆవిడ గదిలోకి వచ్చింది. "ఎవరి బరువు?" అని అడిగి వెళ్లిపోయింది. సీట్లు పెట్టించాను. ముందు సీట్లుగా కార్బన్ బకెట్లు వేయించాలన్న ముచ్చట కూడా దాంతోనే పోయింది, వాటి వీపు వంగదు, వెనక్కి ఎవరూ ఎక్కలేరు. చెల్లెమ్మకు ఈ భాగం చదివి వినిపించకు, తనూ మా ఆవిడా వాట్సాప్‌లో మాట్లాడుకుంటారు.

ఇన్ని లెక్కలు చెప్పినవాడు రంగు దగ్గర ఏం చేశాడని అడుగుతావు. అడగవని ఆశపడ్డాను. తెలుపు, నలుపు అదనం లేకుండా వస్తాయి. పాత రంగుల్లోంచి కోరింది వేయించుకోవాలంటే వంద పైన రకాలున్నాయి, పది వేల డాలర్లు దాటుతుంది. తొంభైల్లో 993 మీద వేసిన రివియేరా బ్లూ ఉందే, కాలేజీలో నా హాస్టల్ గది తలుపు వెనక అంటించిన పోస్టర్‌లో కారుది ఆ రంగే. దాని మీద నువ్వు కెమిస్ట్రీ ఫార్ములాలు రాస్తే నేను నీతో వారం మాట్లాడలేదు. సిరామిక్ బ్రేకుల తొమ్మిది వేలు మిగిల్చానుగా, దానికి ఇంకొంచెం కలిపితే సరి. లెక్క తప్పని నాకు చెప్పొద్దు. రంగు కూడా ఫ్యాక్టరీ దాటితే కుదరదు, పైన నేను పెట్టుకున్న నియమం ప్రకారమే పోయాను.

కారు వచ్చాక ఇక్కడి హనుమంతుడి గుడిలో పూజ చేయిస్తాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు ముక్కు లేపాలా అక్కర్లేదా అని పూజారిగారిని ఇంకా అడగలేదు. అమ్మ ఆవకాయ పంపుతానంది, నువ్వు డిసెంబరులో వస్తే నీ చేతికిస్తుంది. జాడీ వద్దు, ప్యాకెట్లే తీసుకురా.

నా జాబితా కోడ్ వాట్సాప్‌లో పెట్టాను, తెరిచి చూడు. వెనక అద్దానికి వైపరు ఒక్కటి తేలలేదు. పెట్టిస్తే ఆ వీపు వంపు అందం పోతుంది, పెట్టించకపోతే వానలో వెనక ఏమొస్తోందో తెలియదు. మా ఆవిడ పెట్టించమంది, డీలరు వద్దన్నాడు. శుక్రవారంలోగా నీ ఓటు ఏదో చెప్పు.

నీ
శేఖరం