వాచకంలో మేఘమూ గబ్బిలమూ

తెలుగు రాష్ట్రాల బడిపిల్లల్లో చాలామందికి పదో తరగతి వాచకమే తెలుగు పద్యంతో చివరి పరిచయం అవుతున్నది. ఇంటర్మీడియట్‌కు వెళ్లాక మార్కులు సులువుగా వస్తాయన్న లెక్కతో ద్వితీయ భాషగా సంస్కృతాన్ని తీసుకునేవారు ఎందరో ఉన్నారు కనుక, నన్నయ గాని జాషువా గాని పదిహేనేళ్లు నిండేలోపు చెవిన పడకపోతే ఆ తర్వాత పడే అవకాశం తక్కువ. అందువల్లనే ఆ కొద్దిపాటి పాఠాల్లో ఎవరికి చోటు దక్కాలన్న వాదం అంత వేడిగా సాగుతుంది. ప్రాచీన కావ్యభాగాలు తగ్గిపోతున్నాయన్న బాధ ఒకరిది, తమ ఇల్లూ తమ వాడా తమ మాటా పుస్తకంలో ఎక్కడా కనబడవన్న బాధ మరొకరిది, రెండూ నిజమైన బాధలే. అయితే ఈ వాదం ఎన్ని పాఠాలు పాతవి, ఎన్ని కొత్తవి అన్న లెక్క దగ్గరే ఆగిపోవడం వల్ల, ఏ పాఠం పక్కన ఏ పాఠాన్ని ఉంచి చదివిస్తున్నారన్న అసలు సంగతి మరుగున పడుతున్నది.

ఈ సంగతికి తెలుగులో అన్నిటికంటె బలమైన నిదర్శనం గుర్రం జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’. ఇది సందేశకావ్యం, అంటే దూరాన ఉన్నవారికి తన మనసులోని మాటను మేఘంతోనో హంసతోనో చెప్పి పంపే తీరులో నడిచే కావ్యం. ఈ మార్గానికి ఒరవడి పెట్టినది కాళిదాసు ‘మేఘసందేశం’. అందులో కుబేరుని శాపం వల్ల ఏడాదిపాటు రామగిరి మీద గడపవలసివచ్చిన యక్షుడు, అలకాపురిలోని భార్యకు మేఘం ద్వారా కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో కబురు పంపేవాడు అంటరానివాడిగా బతుకుతున్న పేదవాడు, అందుకోవలసినవాడు కాశీ విశ్వేశ్వరుడు, మోసుకుపోయేది గబ్బిలం. ఇంట్లో దూరితే అశుభమని జనం తరిమే ఆ ప్రాణికి గుడిలో వేలాడే స్వేచ్ఛ ఉన్నది, దానితో మొర పెట్టుకుంటున్న మనిషికి గుడి గడప తొక్కే హక్కు లేదు. యక్షుని శాపం ఏడాదితో తీరుతుంది, ఇతని శాపం పుట్టుకతో వచ్చి చావుదాకా వదలదు. మేఘసందేశం కథ తెలియని విద్యార్థికి ఈ పోలికలోని బాధ సగమే అందుతుంది. గబ్బిలం చదవని విద్యార్థికి సందేశకావ్యమంటే విరహాన్ని అందంగా చెప్పుకొనే ఒక పద్ధతి అన్నంతవరకే తెలుస్తుంది.

పైగా జాషువా ఆ మొరను పద్యాల్లోనే వినిపించాడు. పాదంలోని మొదటి అక్షరానికీ, ఛందస్సు నియమించిన స్థానంలోని అక్షరానికీ కుదరవలసిన మైత్రిని యతి అంటారు. అన్ని పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావడాన్ని ప్రాస అంటారు. ఈ విద్య కొందరిదే అనుకునే సమాజంలో, కులం కారణంగా అడుగడుగునా అవమానాలు పడిన కవి దాన్ని తన సొంతం చేసుకుని, తనను వెలివేసినవారు తల వంచి వినక తప్పని ధారతో తన మాట చెప్పాడు. పద్యం నేర్పడమంటే పాత పెత్తనానికి మొక్కడమేనని భావించేవారూ, అణగారిన జీవితాల గురించి రాస్తే సాహిత్యపు స్థాయి తగ్గుతుందని భయపడేవారూ ఈ ఒక్క కావ్యాన్ని నిదానంగా చదివితే ఇద్దరి అభిప్రాయాలూ కదులుతాయి.

ప్రాచీన సాహిత్యమంతా ఒకే గొంతు అనుకోవడం కూడా సరికాదు. పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణా’న్ని జనం పాడుకోగలిగే ద్విపదలో, అంటే రెండేసి పాదాలతో సాగిపోయే దేశి ఛందస్సులో, రాశాడు, అందులో శివుణ్ణి బిడ్డగా భావించి పెంచిన బెజ్జమహాదేవి వంటి సామాన్య భక్తుల కథలున్నాయి. కుమ్మరి ఇంటి ఆడపడుచుగా ప్రసిద్ధి పొందిన మొల్ల రామాయణం చెప్పింది. వీరిని ప్రాచీనులుగా చదివించవచ్చు, వైవిధ్యం పేరుతోనూ చదివించవచ్చు. ఏది ప్రాచీన సంపద అన్న జాబితాను కాలం తనంతట తాను రాసిపెట్టదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ ఆ మరుసటి ఏడే ప్రభుత్వ నిషేధానికి గురికావడం, ఆ జాబితా వెనుక మనుషుల చేతులుంటాయని చెప్పే సాక్ష్యం. ఈనాడు పాతదిగా తోచే చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ సైతం 1853లో వెలువడిన నాటికి సరికొత్త పుస్తకమే.

వాచకపు భాష గురించి పోరాడిన గిడుగు రామమూర్తి జీవితం ఈ చర్చలో ప్రత్యేకంగా తలచుకోదగినది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నాడు, కొండల్లోని సవర పిల్లలు తమ మాటలోనే చదువుకోవాలని ఆ భాషలో పుస్తకాలు తయారుచేశాడు, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. తెలుగు పిల్లలకు వ్యవహారిక భాషలో, అంటే శిష్టులు నిత్యం మాట్లాడే భాషలో, వాచకాలు ఉండాలని ఆయన వాదించింది ఆ తర్వాతనే. ఆ వాదానికి ఆయన బలం తెచ్చుకున్నది ప్రాచీన గ్రంథాల నుంచి: పూర్వకవుల ప్రయోగాలను వేలకొద్దీ గాలించి, వ్యాకరణం తప్పన్న రూపాలను వారే వాడారని చూపించాడు. కొత్తదానికి చోటు అడిగినవాడు పాతదాన్ని ప్రత్యర్థులకంటె లోతుగా చదివినవాడు.

ఆయన ఆశించిన చోటు ఇంకా పూర్తిగా ఏర్పడలేదు. చిత్తూరు పల్లె పలుకుతో నామిని, కావలి ముస్లిం ఇళ్ల బాల్యంతో ‘దర్గామిట్ట కథలు’ రాసిన ఖదీర్‌బాబు, తెలంగాణ దళితవాడల జీవితంతో గోగు శ్యామల ఎంతో సాహిత్యం సృష్టించారు. హైదరాబాదులోని అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో తెచ్చిన పిల్లల కథల వరుస, బాలసాహిత్యంలో సాధారణంగా కనబడని ఇళ్లను, అక్కడి తిండిని, పనిని, ఆటలను కథల్లోకి తెచ్చింది. ఇలాంటి కథ వాచకంలో ఎదురైనప్పుడు ఇంట్లో మాట్లాడే మాట తప్పు కాదన్న ధైర్యం ఒక విద్యార్థికి కలుగుతుంది. పక్కన కూర్చున్న మరో విద్యార్థికి తన ఊళ్లోనే ఉన్నా తాను ఎన్నడూ అడుగుపెట్టని వీధి తెలుస్తుంది. ఈ రెండో ప్రయోజనం గురించి తక్కువమంది మాట్లాడతారు గాని, అది మొదటిదానికంటె చిన్నది కాదు.

పదో తరగతి ఉపవాచకంగా, అంటే ముఖ్య వాచకానికి తోడుగా వేగంగా చదివే పుస్తకంగా, రామాయణం ఉంటూ వచ్చింది. దాని పక్కన 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’లోని ‘సమాగమం’ కథను ఉంచవచ్చు. అందులో వాల్మీకి ఆశ్రమంలో ఉంటున్న సీత, అడవిలో పూలతోట పెంచుకుంటున్న శూర్పణఖను కలుసుకుంటుంది. అరణ్యకాండలో శూర్పణఖకు జరిగినది మనసుకు పట్టినవారికే ఈ కలయికలోని నిశ్శబ్దం వినబడుతుంది, కథ చదివాక అరణ్యకాండకు తిరిగి వెళ్లాలనీ అనిపిస్తుంది.

ఇన్ని చేర్చినా, బోధన మారకపోతే పాతకూ కొత్తకూ ఒకే గతి పడుతుంది. పద్యాన్ని ప్రతిపదార్థంగా, అంటే ఒక్కొక్క పదానికి అర్థం రాసే అభ్యాసంగా మాత్రమే నేర్పితే దాని నడక చచ్చిపోతుంది. కొత్త కథను ‘ఇందులోని సందేశం ఏమిటి’ అన్న ఒక్క ప్రశ్నకు కుదిస్తే అందులోని మనుషులు మాయమవుతారు. పద్యాన్ని ముందు గొంతెత్తి చదివి వినిపించాలి, కథను మధ్యలో ఆపకుండా సాగనివ్వాలి, ఆ తర్వాతనే ప్రశ్నలు. యక్షునికి మేఘం దొరికింది, ఈ మనిషికి గబ్బిలమే ఎందుకు దొరికింది అని తరగతిలో అడిగితే, ఆ జవాబు గైడుల్లో దొరకదు. గుడివీధి నుంచి వచ్చిన అమ్మాయి ఒకటి చెబుతుంది, వాడ నుంచి వచ్చిన అబ్బాయి మరొకటి చెబుతాడు, ఉపాధ్యాయుడు ఇద్దరి మాటా విని కావ్యాన్ని మళ్లీ మొదటి పద్యం నుంచి అందుకుంటాడు.