కట్టప్ప, మా అమ్మ, మా ఆవిడ

తరువాయి భాగం కోసం ఎదురుచూడడం ఒక జబ్బు. మా ఇంట్లో అది తల్లివైపు నుంచి వచ్చింది.

మా అమ్మ నందిగామ ఆడపడుచు. 1954లో చందమామలో ‘తోకచుక్క’ మొదలైనప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్ళు. వీధి మొత్తానికి ఒక్క ప్రతి వచ్చేదట. ఇంటికొక పూట చొప్పున వంతు. తన వంతు వచ్చేసరికి చిత్రగారు వేసిన బొమ్మల మీద నాలుగిళ్ళ వాళ్ళ పచ్చడి వేలిముద్రలు పడి వుండేవిట. రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారని ఆవిడకు తెలిసింది ముసలితనంలోనే. ప్రతి నెలా కథ సరిగ్గా కత్తి మెడ మీదికి వచ్చినచోట ఆగేది. మిగిలిన ముప్ఫై రోజులూ ఆ కత్తి కింద మా అమ్మ మెడ వుండేది.

అంచేత 2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలై, కట్టప్ప బాహుబలిని వెన్నులో పొడవడంతో బొమ్మ ఆగిపోయి దీపాలు వెలిగినప్పుడు, జగ్గయ్యపేట హాలంతా గోలపెట్టింది గాని మా అమ్మ నిమ్మళంగా చెప్పులు వెతుక్కున్నది.

“ఇంకా వుందన్నాడుగా, వస్తుందిలే,” అన్నది. అనుభవం అటువంటిది.

వచ్చింది, 658 రోజుల తరువాత. లెక్క నాదే. సిమెంటు ఫ్యాక్టరీలో లెక్కల గుమాస్తాను, అబద్ధం వుండదు.

ఆ 658 రోజులూ దేశమంతా అడిగిన ప్రశ్నే మా వంటింట్లోనూ ఉడికింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? “కట్టప్ప భీష్ముడి జాతి. సింహాసనానికి మాట ఇచ్చినవాడు. ఎవరో చంపమన్నారు, చంపాడు,” అని మా అమ్మ సిద్ధాంతం. “ఆ ఎవరో శివగామే,” అని మా ఆవిడ. మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఏట్లో మునిగిపోతూ పసివాణ్ణి ఒంటిచేత్తో నీటిపైకి ఎత్తిపట్టిన ఇల్లాలు కన్నంత ప్రేమగా పెంచిన కొడుకును చంపిస్తుందా? నా సిద్ధాంతం వేరు. బాహుబలి అసలు చావలేదనీ, ఏ గుహలోనో మూలికా వైద్యం చేయించుకుంటున్నాడనీ అన్నాను. దాన్ని ఎవ్వరూ చర్చకు తీసుకోలేదు.

2025 అక్టోబరు 31న ఆ రెండు భాగాలనూ కుదించి ‘బాహుబలి: ది ఎపిక్’ అని ఒకే చిత్రంగా వదిలారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి చూసి ఫోను చేసింది. బాగానే వుందట. వుంటుంది. కాని మేము రెండు వేసవులు మోసిన ప్రశ్నకు అదే పూట జవాబు దొరికిపోతే నములుకోవడానికి ఏం మిగిలినట్టు?

సరే, రెండో భాగం సంగతి. అది చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

ఆ 2017 సంక్రాంతికి మా అమ్మ నందిగామ వెళ్ళి, తమ్ముడికి, అంటే మా మేనమామకు, ఒక మాట ఇచ్చి వచ్చింది. ఆయన మనవడికి మా అమ్మాయిని చేసుకునే మాట. పిల్ల అప్పుడు విజయవాడలో హాస్టల్లో వుండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నది. కుర్రవాడు బుద్ధిమంతుడే. సంబంధం తప్పుపట్టవలసింది కాదు. అయితే ఆ మాట సంగతి మా ఆవిడకు కనుమనాడు నందిగామ నుంచి వచ్చిన అరిసెల డబ్బాతోపాటు తెలిసింది. “పిల్లను అడగొద్దా అత్తయ్యా?” అన్నది ఒక్కసారే. “మా రోజుల్లో ఎవరడిగారమ్మా?” అన్నది మా అమ్మ. అంతటితో ఆ ప్రసంగం ఆగి, ఇల్లు మూడు నెలలుగా నిశ్శబ్దంగా వున్నది. ఇద్దరూ మనసిచ్చి మాట్లాడుకునే విషయం ఒక్క కట్టప్ప మాత్రమే.

ఏప్రిల్ 28, శుక్రవారం బొమ్మ విడుదలైంది. జగ్గయ్యపేటలో టిక్కెట్లు గాలికి కూడా దొరకలేదు. మామయ్య నందిగామలో ఆదివారం సాయంత్రానికి అయిదు సంపాదించాడు. ఈ మధ్యలో రెండు రోజులు మా అమ్మ పడిన పాట్లు చెప్పరానివి. పాలవాడు శుక్రవారమే చూసేశాడు. వాడు గిన్నెలో పాలు పోస్తూ, “మామ్మగారూ, అసలు కట్టప్ప…” అనేసరికి ఆవిడ పాలగిన్నె అక్కడే వదిలి దేవుడి గదిలోకి పరుగెత్తింది. శనివారం ఉదయానికి చెవుల్లో దూది. ఆదివారం బస్సు చిల్లకల్లు దాటి పెద్దరోడ్డు ఎక్కాక వెనక సీటులో కాలేజీ కుర్రాళ్ళు ఆ ముచ్చటే మొదలుపెడితే, డెబ్భై రెండేళ్ళ మనిషి లేచి నిలబడి, “నాయనా, నందిగామ దాకా మీకు పుణ్యముంటుంది,” అని దణ్ణం పెట్టింది. పిల్లలు మంచివాళ్ళు, దారంతా నోరెత్తలేదు.

నందిగామలో మామయ్య దిగాలుగా వున్నాడు. మెట్ట రైతు, అయిదెకరాల మిర్చి. ముందటేడు క్వింటాలు 10 వేలు దాటిన సరుకు ఆ ఏడు 4 వేల లోపుకు జారింది. బొమ్మ విడుదలైన ఆ శుక్రవారమే ఖమ్మం యార్డులో రైతులు కడుపుమండి తిరగబడ్డారు. “కట్టప్ప ఎందుకు పొడిచాడో తెలుస్తుంది గాని, మమ్మల్ని ఎవడు పొడిచాడో ఎవడు చెబుతాడురా?” అన్నాడు. అయినా టిక్కెట్లు మాత్రం పదిలంగా జేబులో పెట్టుకున్నాడు.

విజయవాడ నుంచి మా అమ్మాయి నేరుగా హాలు దగ్గరికే వచ్చింది. మామయ్య, మా అమ్మ, మనుమరాలు, మా ఆవిడ, నేను, అదే వరసలో కూర్చున్నాం. వరస ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మొదటి గంట నాకు చందమామ తెరిచినట్టే వున్నది. నెత్తిన నిప్పుల కుండతో రమ్యకృష్ణ నడిచివస్తుంటే మదపుటేనుగు అడ్డం రావడం, కొమ్ములకు మంటలు కట్టిన పశువులు శత్రువు మీదికి ఉరకడం, ఓడ రెక్కలు విప్పి మబ్బుల్లోకి లేవడం, ఇవన్నీ నాకు చిన్నప్పుడే తెలిసిన లోకాలు. అసలు మా జగ్గయ్యపేటకు ఇటువంటి రాజులు కొత్త కాదు. మా ధనంబోడు మీద 1882లో బర్జెస్ దొర తవ్వించిన స్తూపంలో మాంధాత చక్రవర్తి శిల్పం వుండేది. ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో వున్నది. రాజు చెయ్యెత్తుతాడు, మబ్బుల్లోంచి నాణేలు రాలుతాయి. ఆ మాంధాత కథలో ఇంద్రుడు అర్ధసింహాసనం ఇస్తాడు, చాలక మొత్తం కావాలనుకుని కిందికి పడతాడు. భల్లాలదేవుడి కథకు మావూళ్ళో రెండువేల ఏళ్ళనాడే రాయి చెక్కారన్నమాట. ఈ మాట విశ్రాంతిలో మామయ్యతో అంటే, “ఆ నాణేలరాజు ఎక్కడన్నా కనిపిస్తే మా యార్డుకు పంపరా,” అన్నాడు.

నచ్చనివీ వున్నాయి. చివరి యుద్ధంలో సైనికులు తాటిచెట్లను వంచి, వాటి మీంచి కోటలోకి ఎగిరి దూకుతారు. రాజమౌళిగారి మీద నాకు గౌరవం. అయితే మేము మెట్టవాళ్ళం. తాటిచెట్టు ఎంత వంగుతుందో మాకు తెలుసు. మామయ్య అయితే పైకే నవ్వాడు. పిరికిపంద కుమారవర్మను ధీరుడుగా మార్చినంత నేర్పు అక్కడ కనబడలేదు.

ఇక అసలు ఘట్టం. భల్లాలదేవుడు దేవసేన చిత్తరువు చూపించి తల్లిని కోరతాడు. శివగామి మాట ఇచ్చేస్తుంది. కుంతల రాజ్యానికి కానుకలు వెళతాయి. ఆ పిల్లను ఎవరూ అడగరు. దేవసేన ఆ కానుకలను తిప్పికొట్టినప్పుడు హాలంతా ఈలలు. మా వరసలో మాత్రం ఈల లేదు. మా ఆవిడ తెరవైపే చూస్తున్నది. మామయ్య గొంతు సవరించుకున్నాడు. మా అమ్మ చేతిలో పల్లీల పొట్లం అలాగే వుండిపోయింది. మా అమ్మాయి మాత్రం ఏమీ ఎరగనట్టు నాయనమ్మ పొట్లంలోంచి పల్లీలు తీసుకుని తింటున్నది.

నిండుసభలో అనుష్క అత్తగారికి ఎదురు నిలిచి, ఒక ఆడపిల్ల మనసు తెలుసుకోకుండా ఎలా మాట ఇచ్చారన్నట్టు నిలదీస్తుంటే నాకు చెమట పట్టింది. బాహుబలిని కాను గదా, ఇటు తల్లీ అటు పెళ్ళామూ వుంటే సింహాసనం వదిలేద్దామన్నా నాకున్నది ఫ్యాక్టరీలో చెక్కకుర్చీ.

కట్టప్ప జవాబు చివరికి మా ఇంట్లో ఇద్దరూ చెప్పినదే అయింది. సింహాసనానికి బానిస అనేది మా అమ్మ వంతు, ఆజ్ఞ శివగామిది అనేది మా ఆవిడ వంతు. నువ్వు చంపకపోతే నేనే చంపుతానని ఆవిడ అన్నాక ముసలివాడికి దారి లేదు. నిజం చెప్పాలంటే ప్రశ్న అంత పెద్దది కాదు జవాబు. 658 రోజులు ఊరిన ప్రశ్నకు ఏ జవాబూ సరిపోదేమో. నాకు గుండె పట్టుకున్నది పొడిచినచోట కాదు. పని ముగించుకుని వచ్చిన కట్టప్ప నోట అసలు సంగతి విన్న తరువాత శివగామి ముఖం వున్నదే, అక్కడ.

రాత్రి మామయ్య ఇంట్లో భోజనాల దగ్గర వాదన లేచింది.

“కన్నకొడుకు చెప్పాడు, నమ్మింది. తల్లి తప్పేముంది?” అన్నది మా అమ్మ.

“చెప్పినవాణ్ణి నమ్మారు, బాగానే వుంది. రెండోవాణ్ణి పిలిచి ఒక్కమాట అడగాల్సింది గదత్తయ్యా,” అన్నది మా ఆవిడ, పెరుగు వడ్డిస్తూ.

“అడిగితే కథ అక్కడే అయిపోను. ఇక సినిమా ఏముంది?”

“అడగకపోతే కొడుకే పోయాడు.”

మామయ్య మిర్చి సంగతి ఎత్తాడు. నేను దానికి సంతోషంగా జతకలిశాను.

తిరుగు బస్సులో మా అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. చెవుల్లో దూది కూడా లేదు.

మర్నాడు మేడే, నాకు సెలవు. మధ్యాహ్నం ఆవిడ నందిగామకు ఫోను చేసింది. పావుగంట మిర్చి ధర. తరువాత కాసేపు అవతల మాట వింటూ వూరుకున్నది. వంటింట్లో మిక్సీ ఆగింది.

“అదిగాదురా తమ్ముడూ,” అన్నది మా అమ్మ. “పిల్లను అడగలేదు నేనింకా. చదువు కానీ, అడిగి చెబుతాను.”

ఫోను పెట్టేసి నావైపు తిరిగింది.

“ఒరే అబ్బాయ్, మూడో భాగం తీస్తారుటరా?”