ఊస్టర్‌బేక్‌లో ఒక ఆదివారం

మా అబ్బాయి ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్ దేశంలో ఉంటున్నాడు. సెప్టెంబరు నెలలో మేమిద్దరం అతని యింటికి వెళ్ళినప్పుడు, "మీరు తప్పక చూడవలసిన చోటు ఒకటుంది" అని ఒక ఆదివారం ఉదయాన్నే మమ్మల్ని రైలెక్కించాడు. ఆర్న్‌హెమ్ పట్టణంలో దిగి, ఐదారు కిలోమీటర్ల దూరంలోని ఊస్టర్‌బేక్ అనే చిన్న ఊరికి బస్సులో చేరాము. ఎటు చూచినా పెద్ద చెట్లు, శుభ్రమైన వీధులు, ఊరి దక్షిణాన నెమ్మదిగా పారే రైన్ నది. ఇంత ప్రశాంతమైన చోట ఘోర యుద్ధం జరిగిందంటే మాకు నమ్మబుద్ధి కాలేదు.

అది 1944వ సంవత్సరం, సెప్టెంబరు 17, ఆదివారం. జర్మనీ ఆక్రమణలో ఉన్న ఈ దేశంలో నదుల మీది వంతెనలను పట్టుకొనుటకు మిత్రరాజ్యాలవారు వేలాదిమంది సైనికులను ఆకాశమార్గాన దింపారు. కొందరు పారాచూట్లతో దూకారు, కొందరు ఇంజను లేని గ్లైడరు విమానాలలో వచ్చారు. ఆర్న్‌హెమ్ వంతెన వంతు బ్రిటిష్ సైనికులకు వచ్చింది. తరువాత పోలండ్ సైనికులు కూడా వారికి తోడయ్యారు. రెండు మూడు రోజులలో పెద్ద సైన్యం రోడ్డు మార్గాన వచ్చి కలుసుకోవాలి. ఆ సైన్యం సమయానికి రాలేకపోయింది. దగ్గరలోనే ఉన్న జర్మన్ ట్యాంకు దళాలు వీరి మీద పడ్డాయి. కర్నల్ జాన్ ఫ్రాస్ట్ మనుషులు కొన్ని వందలమంది వంతెన ఉత్తరపు కొనను మూడు, నాలుగు రోజులు కాచుకున్నారు. తక్కినవారు ఊస్టర్‌బేక్‌లో చిక్కుకున్నారు. తొమ్మిది రోజుల తరువాత, చీకటిలో, వర్షంలో పడవల మీద నది దాటి బయటపడినవారు దాదాపు 2,400 మంది. వచ్చినవారు సుమారు పదివేలు. దాదాపు 1,500 మంది చనిపోయారు. మిగిలినవారిలో ఎక్కువమంది బందీలయ్యారు.

నది వైపున వెయ్యేళ్ళ నాటి పాత దేవాలయం ఒకటి ఉంది. దాని ప్రక్కనే పూర్వం పాదిరిగారి నివాసంగా ఉండిన ఇల్లు. ఆ రోజుల్లో అందులో కేట్ టెర్ హోర్స్ట్ అనే తల్లి తన ఐదుగురు పిల్లలతో ఉండేది. గాయపడినవారికి చోటివ్వమని సైనికులు అడిగితే ఆమె తలుపు తెరిచింది. హాలు, గదులు, నడవాలు అన్నీ క్షతగాత్రులతో నిండిపోయాయి. పిల్లలను నేలమాళిగలో ఉంచి, ఆమె వారి మధ్య తిరుగుతూ నీళ్ళిచ్చింది, ధైర్యం చెప్పింది. గోడల మీద గుండ్లు పడుతుండగా ఒక సాయంత్రం ఇంగ్లీషు బైబిలు చేతపట్టుకొని 91వ కీర్తన చదివి వినిపించింది. మన ఇళ్ళలో పిల్లలకు జ్వరం వచ్చినా, ప్రయాణం పెట్టుకున్నా చదువుకునే కీర్తన అదే గదా! ఆ ఇంటి తోటలోనే 57 మందిని పాతిపెట్టారు.

యుద్ధం అక్కడితో ఆగలేదు. ఆర్న్‌హెమ్ ప్రజలను జర్మన్లు ఇళ్ళు విడిచి పొమ్మన్నారు. ఆ చలికాలమే దేశంలో కరువు వచ్చి వేలమంది ఆకలితో చనిపోయారు. కేట్ అమ్మగారి పెద్ద కుమారుడు 1947లో, పూడ్చిన మందుపాతర ఒకటి పేలి చనిపోయాడు. అయినను ఆ తల్లి ఆ సైనికుల మీద తలుపు మూయలేదు. 1992లో ఆమె మరణించేవరకు, నాటి సైనికులు ఏటేటా వస్తే తన యింట ఆదరించింది.

మేము సైనికుల స్మశానానికి వెళ్ళేసరికి జనం నిండిపోయారు. అక్కడ 1,750కి పైగా సమాధులున్నాయి. చాలా రాళ్ళ మీద పేరు లేదు, దేవునికే తెలుసునన్న మాట మాత్రమే ఉంది. ఆరాధన జరుగుచుండగా బడిపిల్లలు వరుసగా వచ్చి, ఒక్కొక్క సమాధి దగ్గర ఒక్కొక్కరు నిలబడి, అందరూ ఒకేసారి వంగి పూలు పెట్టారు. 1945 సెప్టెంబరు నుండి ఈ పని సాగుతున్నది. 1969లో, ఇరవై ఐదేళ్ళయినది గనుక ఇక చాలిద్దామని సైన్యం వైపువారు తలచినప్పుడు, ఊరివారే ఒప్పుకోలేదట.

ఆ సైనికులలో ఇప్పుడు బ్రతికియున్నవారు అతి కొద్దిమంది. వారి కుమారులు, కుమార్తెలు, మనుమలు వస్తున్నారు. తండ్రుల పతకాలను కుడివైపు రొమ్మున ధరిస్తారు. తమవైతే ఎడమవైపున పెట్టుకుంటారని మా అబ్బాయి చెప్పాడు. మా ప్రక్కన నిలబడిన పెద్దావిడ మాటల్లో అన్నది: "మా నాన్న ఇంట్లో యుద్ధం మాట ఎత్తేవాడు కాదు. ఇక్కడికి వచ్చి, తన స్నేహితుల ప్రక్కన, ఆయనకు భోజనం పెట్టే ఈ ఊరివారి బల్ల దగ్గర కూర్చున్నప్పుడే నోరు తెరిచాడు. నేను ప్రక్కన కూర్చుని విన్నాను. నాన్నను నేను అప్పుడే తెలుసుకున్నాను."

హార్టెన్‌స్టైన్ అనే పెద్ద భవనం అప్పట్లో సైనికుల ముఖ్య స్థావరం, ఇప్పుడు మ్యూజియం. దాని ఎదుట 1994లో, యాభై ఏండ్లకు, ఆ సైనికులు ఊరివారి పేర ఒక రాయి నిలిపారు. మేము మీకు చావును, నాశనమును తెచ్చాము, మీరు మమ్మును ఎన్నడూ నిందించలేదు అని దాని భావం. గెలిచినవారు నిలిపే రాళ్ళు చాలా చూచాము గాని, క్షమాపణా కృతజ్ఞతా కలిపి చెప్పే రాయి చూడడం మాకు ఇదే మొదలు.

తిరుగు రైలులో మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. మా యింటి పెద్దాయన, మా పిల్లల తాతగారు, ఆ యుద్ధకాలంలోనే సైన్యంలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్ళి వచ్చారు. ఆయన ఇనుప ట్రంకుపెట్టెలో రెండు పతకాలుండేవి. పిల్లలు వాటితో ఆడుకుంటే కోప్పడేవారు కాదు, లేచి అరుగు మీదికి వెళ్ళిపోయేవారు. పొలం సంగతి, ఎద్దుల సంగతి ఎన్నో అడిగాము గాని, "అక్కడ ఏం జరిగింది తాతా?" అని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆయన చెప్పలేదని అనుకుంటూ వచ్చాము. మేము వినడానికి కూర్చోలేదన్నది ఊస్టర్‌బేక్‌లో తెలిసింది.

ప్రియ పాఠకులారా, మీ యింట పెద్దవారుంటే, ఈ రాత్రి భోజనాలయిన తరువాత మంచం దగ్గర కాసేపు కూర్చోండి. పిల్లలను కూడా పిలవండి. వారు వెంటనే చెప్పకపోవచ్చు. మరునాడు కూడా కూర్చోండి.