లైటు వెంట నక్క

చీకట్లో రెండు కళ్లు మెరిశాయి. కుందేలువి కావు. లైటు పడితే కుందేలు కన్ను నిప్పురవ్వలా ఎర్రగా కనబడుతుంది. ఇవి తెల్లగా, కాస్త ఆకుపచ్చగా ఉన్నాయి. మాకు నూరు గజాల దూరంలో, కంచె మొదట్లో. లైటు పడింది కాబట్టి ఇక పరుగు తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. మెల్లగా మా వైపే నడిచి వచ్చింది.

‘‘నక్క. రోజూ వస్తుంది’’ అన్నారు పక్కనున్న పెద్దాయన, పాలవాడు వచ్చాడన్నంత మామూలుగా. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది. మా ఊళ్లో మనిషిని చూసి బెదరని నక్క అంటే దానికి ఒకటే అర్థం.

ఆ సంగతికి వచ్చేముందు, అరవై దాటిన అనంతపురం జిల్లావాణ్ని ఇంగ్లండులో అర్ధరాత్రి పొలాల వెంట ఎందుకు తిరుగుతున్నానో చెప్పాలి.

2022 నవంబరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. వాడి ఉద్యోగం కేంబ్రిడ్జిలో. అక్కడి అద్దెలకు భయపడి రైలు దారిలో ఉన్న థెట్‌ఫర్డ్‌లో ఇల్లు తీసుకున్నాడు. చిన్న ఊరు. చుట్టూ బ్రెక్‌లాండ్ అనే ఇసక నేల. ఇంగ్లండంటే ఎప్పుడూ వానేననుకుంటాం గానీ ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు. మా అనంతపురం కంటే గొప్పేం కాదు. ఆ మాట తెలిశాక ఊరు మరీ నచ్చింది.

ఊరి నడుమ ఏటి లంకలో గుర్రమెక్కిన సర్దార్జీ విగ్రహం చూసి ఆగిపోయాను. దులీప్‌సింగ్. పదేళ్ల వయసులో, 1849లో రాజ్యం పోగొట్టుకున్న పంజాబు ఆఖరి మహారాజు. 1863లో పక్కనే ఉన్న ఎల్వెడన్ ఎస్టేటు కొనుక్కున్నాడు. 1893లో పారిస్‌లో పోయినా, సమాధి మాత్రం ఎల్వెడన్ చర్చి ఆవరణలోనే ఉంది. విగ్రహాన్ని 1999లో అప్పటి యువరాజు, ఇప్పటి రాజు చార్లెస్ ఆవిష్కరించారు. పంట సరిగా పండని ఈ ఇసకలో మహారాజుకేం పని? వేట. తుపాకీ గురిలో ఆ రోజుల్లో ఆయనకు ఇంగ్లండంతా పేరు.

వేటకంటే ముందు ఇది కుందేళ్ల సీమ. ఇంగ్లండు కుందేలు స్వతహాగా ఈ నేలది కాదు, నార్మన్లు తెచ్చి పెంచుకున్నది. మొదట్లో దానికి చలి పడేది కాదట. గొర్రెల్లాగా కాపలా కాసి మేపేవారు. ఊరికి పడమట అడవిలో రాళ్లతో కట్టిన పాత మేడ ఒకటుంది, వారెన్ లాడ్జి. 1400 ప్రాంతంలో థెట్‌ఫర్డ్ మఠం పెద్ద కట్టించాడు. పైన కాపలాదారు కాపురం, కింద కుందేళ్ల మాంసం, తోళ్లు. దొంగలు వస్తే తట్టుకోవాలని గోడలు కోటగోడల్లా కట్టారు. కుందేళ్లను నక్కల నుంచి కాపాడటం కూడా ఆ కాపలాదారు పనే. పక్క ఊరు బ్రాండన్‌లో కుందేలు బొచ్చుతో టోపీల వ్యాపారం నడిచింది. 1953లో మిక్సొమటోసిస్ రోగం వచ్చి, రెండేళ్లు తిరిగేసరికి దేశంలో నూటికి 95కు పైగా కుందేళ్లు చచ్చాయి. మళ్లీ పెరిగాయి. ఇప్పుడు మరో కొత్త రోగంతో మళ్లీ తగ్గుతున్నాయి. ఈ నేలలోని అరుదైన మొక్కలు బతకాలంటే కుందేలు గడ్డి కొరకాలని, కొన్నిచోట్ల కొమ్మల కుప్పలు పేర్చి మరీ వాటికి నీడ కల్పిస్తున్నారు. గోధుమ రైతుకు మాత్రం అది పైరు తినే పురుగే.

మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు పొలాల్లో పనిచేసి మానేసినవారు. తెలిసిన రైతు అనుమతితో రాత్రిళ్లు కుందేళ్లు పట్టేవారు. ఆయనకు మెగ్ అని ఒక కుక్క. లర్చర్ అంటారు. గ్రేహౌండుకూ, గొర్రెలు కాసే కాలీ కుక్కకూ పుట్టింది. పరుగు తల్లిది, బుద్ధి తండ్రిది. మా ఊళ్లో చిన్నప్పుడు చెవుల పిల్లుల వేటకు కుక్కలతో వెళ్లేవారని నోరు జారాను. ‘‘అయితే రాత్రికి రండి’’ అన్నారు. ‘‘ఈ వయసులో కుక్క వెంట తిరగడమేమిటి, మోకాళ్లు ఎవరివనుకున్నారు?’’ అంది మా ఆవిడ. (మూడోనాడు ఆయన ఇచ్చిన కుందేటిని ఊరి నుంచి తెచ్చిన కారంతో వండి, రాగి సంగటిలోకి వడ్డించింది కూడా ఆవిడే.)

మన చెవుల పిల్లి బొరియ తవ్వదు, పొదలో పడుకుంటుంది. ఇక్కడి కుందేలు బొరియల్లో గుంపుగా ఉంటుంది. రాత్రి మేతకు దూరం వచ్చినప్పుడు, దానికీ బొరియకీ మధ్య కుక్కను పంపడమే కిటుకు. చంద్రుడు ఉండకూడదు. గాలి బాగా వీచాలి, అడుగుల చప్పుడు వినబడకుండా. పెద్దాయన చేతిలో కారు హెడ్‌లైటులాంటి దీపం. కుందేలు మీద లైటు పడగానే అది నేలకు కరుచుకుంటుంది. మెగ్ ఆ వెలుగు వెంటే బాణంలా పోతుంది. ప్రాణాలతో పట్టుకుని యజమాని చేతికి తెచ్చిస్తుంది. ఆయన ఒక్క విసురున మెడ విరుస్తారు. అంతా అర నిమిషం. ఆ అర నిమిషంలో కుందేలు కీచుమని ఒక్క అరుపు అరుస్తుంది. నాకు నచ్చని భాగం అదే.

నక్కకు నచ్చే భాగమూ అదే. ఆ అరుపుకే మొదటిరాత్రి అది కంచె దాటి వచ్చింది.

ఇప్పుడు మా ఊరి సంగతి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా కళ్లంలో శెనక్కాయల కుప్పకు కాపలా పడుకున్న మనిషి దగ్గరికి ఒక నక్క నడిచి వచ్చింది. అదిలిస్తే పోలేదు. ఎదురొచ్చి పిక్క కరిచింది. ఆకు పసరు పూశారు, తాయెత్తు కట్టారు. బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకోవాలంటే టౌనుకు పోవాలి, కూలి పోతుంది. నెలన్నర తర్వాత అతను నీళ్ల చెంబు చూసి వణకడం నేను కిటికీలోంచి చూశాను. తర్వాత చూడనివ్వలేదు. ఆనాటి నుంచీ నక్క బెదిరి పారిపోతేనే నాకు ధైర్యం.

‘‘పదండి, వెళ్లిపోదాం. దానికి పిచ్చి’’ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చెబితే నిలబడి విన్నారు. నవ్వలేదు. ఈ దేశంలో గబ్బిలాల సంగతి పక్కన పెడితే, 1922 తర్వాత అడవి జంతువుల్లో రేబిస్ లేదట. పక్కనున్న ఐరోపాలో అయితే నక్కల ద్వారానే వ్యాపించేది. 1978లో స్విట్జర్లాండులో కోడి తలకాయల్లో టీకా మందు పెట్టి అడవిలో వేయడం మొదలుపెట్టి, క్రమంగా అక్కడా చాలావరకు అణిచేశారు. ఇదంతా మర్నాడు మా అబ్బాయి చూసి చెప్పాడు. ఆ రాత్రి మాత్రం పెద్దాయన చేయి పట్టుకునే ఇల్లు చేరాను.

మళ్లీ వెళ్లాను. ఎందుకంటే చెప్పలేను.

రెండో రాత్రి ఒక కుందేలు మెగ్ నోటి దాకా వచ్చి చటుక్కున వెనక్కి తిరిగింది. మెగ్ నాలుగు గజాలు జారిపోయింది. కుందేలు కంచె వెంట పరుగు. అక్కడ నక్క కాచుకుని ఉంది. శ్రమ పడలేదు, ఒక్క గెంతు. మెగ్ ఉత్త నోటితో వచ్చి మా వంక చూసింది. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వారు. కుందేలు వేటకుక్కలను తరిమిన చోట విజయనగరం కట్టారని మనకో కథ ఉంది. నక్క వేటకుక్క చేత పని చేయించుకున్న చోట ఏం కట్టాలో!

ఆ తర్వాత దాన్ని నింపాదిగా చూడగలిగాను. మన గుంటనక్కకు చుట్టమే గానీ దానికంటే పెద్దది. ఎర్రటి ఒళ్లు, తోక చివర తెలుపు. మెగ్ కుందేటిని కరుచుకుని వస్తుంటే, పదడుగుల ఎడంగా పక్కనే నడిచి వచ్చేది. మెగ్ చెవులు మాత్రం అటు తిరిగేవి, తల తిరిగేది కాదు. ఒకసారి మెగ్ మీదికి ఉరికింది. నక్క పక్కకు గెంతి, అక్కడే కూర్చుంది. పెద్దాయన ఈల వేసి, వెంటనే లైటు ఆర్పేశారు. నక్క మీదికి కుక్కను ఉసిగొల్పితే ఇక్కడ నేరం. 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ఇంగ్లండులో, వేల్స్‌లో కుక్కలతో నక్కల వేటను ఆపేసింది. కుందేటికి మాత్రం ఆ రక్షణ లేదు.

ఆయన ప్రతి రాత్రీ దాని తోక మీద ఒక నిమిషం లైటు పెట్టేవారు. నక్కలకు గజ్జి పడితే తోక దగ్గరే ముందు బొచ్చు రాలుతుందట, అది కుక్కలకూ అంటుకుంటుంది. ‘‘తోక బాగుంది’’ అనుకుని కదిలేవారు. మా వైపు అదృష్టం పట్టినవాణ్ని నక్కతోక తొక్కాడంటామని చెప్పాను. ‘‘ఇంకో నెల ఇలాగే వస్తే మీరు తొక్కొచ్చు’’ అన్నారు.

ఇదంతా నక్క జిత్తు అనుకున్నాను. జిత్తేం లేదు, కూడు. పట్టిన కుందేటి పేగులు తీసి పొలంలోనే పడేసేవారు ఆయన. బరువు తగ్గుతుంది, మాంసం చెడదు. మేం మలుపు తిరిగేలోపు నక్క వచ్చి తినేసేది. నాగలి వెంట కొంగలు నడవడం లేదూ, అలాగన్నమాట. లైటు వచ్చిందంటే కుక్క వచ్చింది, కుక్క వచ్చిందంటే అరుపు, అరుపు వెనక తిండి. రెండు శీతాకాలాలుగా అది నేర్చుకున్న పాఠం.

అయిదో రాత్రి దూరంగా తుపాకీ పేలింది. ఒకటే దెబ్బ. పెద్దాయన ఆగిపోయారు. పక్క ఎస్టేటులో వేట కోసం ఫెజెంట్ పక్షులను పెంచుతారు. అక్కడి కాపలాదారు రాత్రిళ్లు నక్కలను కాలుస్తాడు. అది చట్టబద్ధమే. ఎలా కాలుస్తాడంటే, లైటు వేసి, చేతి వెనకభాగం పెదాలకు ఆనించి గాలి పీలుస్తాడు. అచ్చం కుందేలు అరిచినట్టే వస్తుంది. పెద్దాయన ఒకసారి చేసి చూపించారు. కంచె దగ్గరున్న మన నక్క వెంటనే లేచి, నిటారుగా మా లైటులోకి నడిచి వచ్చింది. ఒక్క పక్కచూపు కూడా లేకుండా.

ఆయన లైటు ఆర్పేశారు. చీకట్లో చాలాసేపు మాట్లాడలేదు.

‘‘తుపాకీ దెబ్బ తప్పించుకున్న నక్క లైటు చూస్తే కళ్లు తిప్పుకుని పోతుంది. దీనికి నేను ఆ భయం లేకుండా చేశాను’’ అన్నారు చివరికి.

మర్నాటి నుంచి పేగులు ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెచ్చారు. నక్క కనబడితే మట్టిగడ్డ తీసి విసిరేవారు. కుక్క మీద కూడా ఎన్నడూ గొంతెత్తని మనిషి, పొలంలో నిలబడి గట్టిగా అరిచేవారు. మెగ్ భయపడి ఆయన కాళ్ల మధ్య దూరేది. నక్క నాలుగడుగులు వెనక్కి వేసి కూర్చునేది. నా ఆఖరి రాత్రి అది మామూలుగా పేగులు పడే చోటికి వెళ్లి, నేల వాసన చూసి, మా వంకే చూస్తూ అక్కడే ఉంది. మేం గేటు దాటేదాకా దాని కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

డిసెంబరులో తిరిగి వచ్చేశాం. జనవరి నక్కలకు జతకట్టే కాలం, వాటి అరుపులు ఊళ్లోకి వినబడుతున్నాయని మా అబ్బాయి చెప్పాడు. ఫిబ్రవరిలో ఫోన్ చేసినప్పుడు మన నక్క సంగతి అడిగాను. మెగ్ బాగుందట. పెద్దాయన రాత్రిళ్లు ఆ పొలానికి వెళ్లడం మానేశారట. ఎందుకని వీడు అడగలేదు.