బొమ్మల పుస్తకంలో ఆటల తెలుగు

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కర్మాగారాన్ని నెలకొల్పిన తరువాత, ఉత్తరాంధ్ర నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు పొట్ట చేతపట్టుకొని ఆ పట్టణానికి తరలివెళ్ళాయి. వారి మునిమనుమలు నేడు వీధిలో బెంగాలీ, స్టేషనులో హిందీ, బడిలో ఇంగ్లీషు వింటూ పెరుగుతున్నారు. తెలుగు గడప లోపలి భాషగా మిగిలింది. చక్కగా తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరం చదవలేని తల్లిదండ్రులు కూడా వారిలో ఉన్నారు. అటువంటి ఇంట జంతువులు ఆటలాడే బొమ్మల పుస్తకం చేయగల మేలు పెద్ద వాచకాలు సైతం చేయలేవు.

పంచతంత్రం నాటి నుండి మన కథలలోని జంతువులపై నీతి బోధించే బాధ్యత ఉంది. వంగదేశంలో యోగీంద్రనాథ్ సర్కార్ 1897లో వెలువరించిన ‘హాసిఖుషి’ బొమ్మలతో, పద్యాలతో అక్షరాలు నేర్పింది. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1910లో ప్రకటించిన ‘టున్‌టునిర్ బోయి’లో ఒక చిన్న పిట్ట రాజునే ముప్పుతిప్పలు పెట్టింది. బడి యీడు రాని పిల్లల పుస్తకంలో జంతువులకు నేర్పే బరువు లేదు. అవి ఊరికే ఆడుకుంటాయి. కుందేలు కళ్ళు మూసుకుంటుంది. ఎలుగుబంటి చెట్టు చాటున దాగుతుంది, దాని పొట్ట మాత్రం బయటికి కనిపిస్తూనే ఉంటుంది. మూడేళ్ళ పాప పుట తిప్పకముందే నవ్వుతుంది.

ఆ బొమ్మను చూసి పొరుగింటి బెంగాలీ తల్లి ‘లుకోచురి’ అంటుంది. తెలుగు నాయనమ్మ ‘దాగుడుమూతలు’ అంటుంది. అక్కడితో ఆగక, పంటలు వేసుకొన్న వైనమూ, కుందేలు దొంగ అయిన సంగతీ చెబుతుంది. ‘దొంగ’ అన్న మాటకు ఆటలో ఉన్న అర్థాన్ని పిల్లలు ఇలా వినే తెలుసుకోవాలి. మన ఆటల పేర్లలోనే జంతువులున్నాయి: కోతికొమ్మచ్చి, పులిజూదం, కప్పగంతులు. బెంగాలీ పిల్లలు కళ్ళకు గంతలు కట్టుకొని ఆడే ‘కానామాఛి’లో ఈగ ఉంది. ఆటలో పిల్లలు జంతువులవుతారు. పుస్తకంలో జంతువులు పిల్లలవుతాయి. ఈ మాటలు పలికేవారు లేకపోతే, ఆటతోపాటు అవీ మరుగునపడతాయి.

1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, 2004లో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ ఒకే బొమ్మలతో పలు భారతీయ భాషలలో పిల్లల పుస్తకాలు ప్రచురించాయి. ఖరగ్‌పూర్ వంటి పట్టణానికి ఈ పద్ధతి ఎంతో తగినది. ఒకే అరుగుపై రెండు భాషల పిల్లలు ఒకే బొమ్మను చూసి, ఎవరి మాటలో వారు నవ్వుకోవచ్చు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. హర్షింపదగిన నిర్ణయం. అయితే హోదా కార్యాలయాలకు చెందినది. ఆ భాషలో మాట్లాడే పౌరుడు ఇంట్లోనే తయారు కావాలి. తెలుగు లిపి రాని తండ్రి సైతం డ్యూటీ ముగించుకొని వచ్చి, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, ‘ఎలుగుబంటి ఎక్కడ దాగిందమ్మా?’ అని అడగగలడు. రైల్వే కాలనీ గ్రంథాలయంలో, అంగన్‌వాడీలో ఇటువంటి పుస్తకాలకు ఒక అర కేటాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.