మనం, మేము, ఒక ఇంటర్వ్యూ

వచ్చే శనివారం నాకు ఇంటర్వ్యూ ఉంది. అరవై దాటాక ఇంటర్వ్యూ ఏమిటని నవ్వకండి. వారాంతపు తెలుగు తరగతిలో టీచర్‌కి సహాయంగా ఒక మనిషి కావాలట. పిల్లలు ప్రైమరీ 5, 6 వాళ్లు. జీతం లేదు, భయం మాత్రం ఉంది. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు చదవడం, రాయడం ఈ మధ్యే సొంతంగా నేర్చుకున్నాను.

చిన్నపిల్లలైతే పాట పాడి, బొమ్మ చూపిస్తే సరిపోతుంది. పదకొండేళ్ల పిల్లలు "ఎందుకు?" అని అడుగుతారు. అడగడం న్యాయమే. సింగపూర్ బడిలో మన పిల్లలు మాతృభాషగా తమిళం తీసుకోవచ్చు. లేదా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి తీసుకోవచ్చు. తెలుగు లేదు. ప్రైమరీ 6 చివర పీఎస్ఎల్ఈ పరీక్షలో మాతృభాషకి మార్కులు ఉంటాయి. తెలుగు నేర్చుకుంటే అక్కడ ఒక్క మార్కు కూడా రాదు. మరి సెలవు రోజు పొద్దున్నే లేచి ఎందుకు రావాలి?

జవాబు దొరకలేదు. అందుకని నిన్న మా అమ్మాయి కొడుకుని పాయా లేబర్ ఎంఆర్‌టీ దగ్గర కాఫీ షాపులో కూర్చోబెట్టి పాఠం చెప్పి చూశాను. వాడు ప్రైమరీ 5. బడిలో తమిళం చదువుతాడు. నాకు కోపీ-ఓ, వాడికి మైలో.

"మనిద్దరం గేలాంగ్ సెరాయ్ మార్కెట్‌కి వెళ్తున్నామని నాకు చెప్పు" అన్నాను.

"మేము మార్కెట్‌కి వెళ్తున్నాం."

"అయితే నేను రావట్లేదా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ఓ! నాంగళ్, నాం లాగానా?"

అవును, తమిళంలో నాంగళ్ అంటే మేము, నాం అంటే మనం. ఇరవై నిమిషాలు పడుతుందనుకున్న పాఠం ఒక్క నిమిషంలో అయిపోయింది.

హిందీ చదివే పిల్లలకి రెండిటికీ "హమ్" ఒకటే. వాళ్లకి ఈ తేడా మెల్లగా చెప్పాలి. కానీ "తుమ్", "ఆప్" వాళ్లకి తెలుసు. అక్కడి నుంచి నువ్వు, మీరు చెప్పొచ్చు. ఇది చాలా అవసరం. గుడిలో ప్రసాదం పెట్టేటప్పుడు వింటుంటాను, పిల్లలు పూజారి గారిని కూడా "నువ్వు" అంటారు. అది పొగరు కాదు. ఇంట్లో అందరూ వాళ్లని "తిన్నావా" అనే అడుగుతారు. "తిన్నారా" అని వాళ్లని ఎవరు అడుగుతారు? అమ్మమ్మని నువ్వు అనొచ్చు, పూజారి గారిని అనకూడదు. ఈ సంగతి పదకొండేళ్ల పిల్లలకి చెబితే అర్థమవుతుంది.

తర్వాత కాగితం మీద "పెల్లి" అని రాశాను. వాడు చదివి, "అమ్మమ్మా, ఇక్కడ ళ కదా? నాలుక మడవాలి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఇంటర్వ్యూకి రానని ఫోన్ చేసేద్దామనుకున్నాను. అయినా అడిగాను, "నీకెలా తెలుసు?"

"తమిళంలో కూడా రెండూ ఉన్నాయి. అమ్మ అనేటప్పుడు ళ వినపడుతుంది."

నా పెన్ను తీసుకుని దిద్దాడు. "ఇంకో మాట రాయి" అన్నాడు. పొద్దుటి నుంచి వాడంతట వాడు ఇంకా కావాలని అడగడం అదే మొదటిసారి.

"మీ తప్పులు పిల్లలు పట్టుకుంటే ఏం చేస్తారు?" అని శనివారం నన్ను తప్పకుండా అడుగుతారు. నాకు తెలుగు పూర్తిగా రాదని దాచను. "పెన్ను వాళ్ల చేతికి ఇస్తాను. ఎలా తెలిసిందో అడుగుతాను. తర్వాత టీచర్ గారిని అడిగి సరిచూసుకుంటాను" అని చెబుతాను.

ఈ రాత్రికి నా హోంవర్కు ళ ఉన్న మాటలు పది. పెళ్లి, నీళ్లు, కళ్లు, గుళ్లో, వేళ్లు వరకు వచ్చాను. మిగతా ఐదు మీరు కూడా రాసి చూడండి.