గుర్తుండకపోవడం తెలివి తక్కువ కాదు

 

డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదువుతూ ఊరికి దూరంగా గదుల్లో ఉంటున్న ఆడపిల్లలం మేము. మాలో చాలామంది నోట ఒకటే మాట: "రాత్రి చదివింది పొద్దునకి గుర్తుండట్లేదు, మన బుర్రకు ఎక్కదేమో." ఆ మాట నమ్మి పుస్తకాలు సర్దుకుని ఇంటికి పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ఇంత పెద్ద పోస్టు.

ముందు దిగులు సంగతి. గది అద్దె ఎట్లా, నోటిఫికేషన్ రాకపోతే ఎట్లా, ఇంట్లో పెళ్లి మాట ఎత్తితే ఎట్లా... పుస్తకం ముందర కూర్చున్నా తలలో ఇవే తిరుగుతాయి. మనసు ఒక్కసారి పట్టుకోగలిగేవి కొన్నే. ఆ చోటంతా దిగులే ఆక్రమిస్తే చదివింది లోపలికే పోదు. పైగా భయం ఎక్కువైతే కార్టిజాల్ అనే హార్మోన్ పెరిగి, బాగా వచ్చిన జవాబు కూడా ఆ టైముకి తట్టదు. పరీక్ష హాల్లో రానిది బస్టాండ్‌లో గుర్తొస్తుంది. అంటే అది మన తలలోనే ఉంది కదా!

నెలసరిలో చదువు ఎక్కదంటారు. నెలసరి వల్ల జ్ఞాపకశక్తి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నొప్పితో నిద్ర చెడితే ధ్యాస నిలవదు, అది వేరు. రక్తం ఎక్కువ పోతే ఐరన్ తగ్గి నీరసం వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా మతిమరుపు వస్తుంది. ఈ రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి, రెండింటికీ మందులున్నాయి.

ఇక మన అమ్మలు. నలభై దాటిన అమ్మ సంతకు పోయి ఉప్పు మర్చిపోతే ఇంట్లో అందరూ నవ్వుతారు. ముట్లు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. జ్ఞాపకాలు చూసుకునే మెదడు భాగం మీద కూడా ఆ హార్మోన్ పనిచేస్తుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, చెమటలు పట్టి రాత్రి నిద్ర ఉండదు. నోటి దాకా వచ్చిన పేరు బయటికి రాదు. చాలామందికి ఇది కొంతకాలమే. రోజురోజుకీ పెరుగుతుంటే, తెలిసిన దారి కూడా తప్పుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఇంకొకటి. 2015-16 సర్వేలో 15-49 ఏళ్లవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దాంతో పాటు అండాశయాలూ తీసేస్తే ఏళ్ల తరబడి మెల్లగా తగ్గాల్సిన హార్మోన్ ఒక్కసారే పడిపోతుంది. అందుకే ఆపరేషన్ అంటే "మందులతో తగ్గదా? అండాశయాలు కూడా తీస్తారా?" అని అడగాలి. ఆసుపత్రిలో మన అమ్మలు అడగలేరు, పక్కన మనం ఉండాలి.

మా గదుల్లో ఇప్పుడు చదివింది పుస్తకం మూసి ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానడం లేదు. దిగులుగా ఉంటే కాగితం మీద రాసేస్తున్నాం.

తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల పోస్టని దాటిపోకండి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి కోయలోనో, గోండిలోనో, కువిలోనో, మీ అమ్మకు ఏ భాష దగ్గరైతే ఆ భాషలో ఇదంతా చెప్పండి.